కాందిశీకుడు చెప్పని కారణం: బెహ్రూజ్ బూచానీ రచనపై ఒక పరిశీలన

శరణార్థికి తెలుగులో ‘కాందిశీకుడు’ అన్న పాత పేరుంది. ‘కాం దిశమ్’, అంటే ‘ఏ దిక్కుకు’ అన్న ప్రశ్న నుంచి ఆ మాట పుట్టిందని వ్యుత్పత్తి చెబుతారు. 1942లో జపాను దాడులకు వెరచి బర్మా నుంచి కాలినడకన బయలుదేరిన తెలుగువారు ఈ ప్రశ్నను అనుభవించారు. ఈ మాటలో ‘ఎక్కడికి’ ఉంది గాని ‘ఎందుకు’ లేదు. ఇరాన్ విడిచిన కుర్దు రచయిత బెహ్రూజ్ బూచానీ ‘నో ఫ్రెండ్ బట్ ద మౌంటెన్స్’ (2018) బలమూ పరిమితీ ఈ తేడాలోనే ఉన్నాయి.

ఇరానీయుల వలసకు ఒకే కారణం లేదు. 1979 విప్లవానికి ముందు చాలామంది చదువుల కోసం వెళ్ళారు. విప్లవం తరువాత రాచరిక పక్షంవారూ, వామపక్షీయులూ, బహాయీలూ దేశం విడిచారు. 1980–88 ఇరాక్ యుద్ధం, 2009 ఎన్నికల నిరసనలపై అణచివేత, 2022లో మహ్సా అమీనీ మరణానంతర నిర్బంధం మరెందరినో కదిలించాయి. ఆంక్షలూ, ద్రవ్యోల్బణమూ, నిరుద్యోగమూ వీటికి తోడు.

బూచానీ 1983లో, యుద్ధం నడుమ, పశ్చిమాన ఉన్న ఈలాం ప్రాంతంలో పుట్టాడు. అతను పనిచేసిన కుర్దు పత్రిక కార్యాలయంపై 2013 ఫిబ్రవరిలో రివల్యూషనరీ గార్డులు దాడిచేసి సహచరులను నిర్బంధించారు. అతను అజ్ఞాతంలోకి వెళ్ళి, మే నెలలో దేశం దాటాడు. ఇండొనేసియా నుంచి పడవలో వచ్చిన అతన్ని ఆస్ట్రేలియా ప్రభుత్వం పాపువా న్యూగినీలోని మానుస్ ద్వీపానికి పంపింది. అక్కడి నుంచి ఫార్సీలో వాట్సాప్ సందేశాలుగా పంపిన రచనను ఒమిద్ తొఫీఘియాన్ ఇంగ్లీషులోకి అనువదించాడు. 2019 జనవరిలో దానికి విక్టోరియా సాహిత్య బహుమతి వచ్చేనాటికీ రచయిత మానుస్‌లోనే ఉన్నాడు.

ఇంత రాజకీయ నేపథ్యం ఉన్నా పుస్తకం ఇరాన్‌లో మొదలుకాదు. ఇండొనేసియాలో, రాత్రివేళ సముద్రం వైపు సాగే లారీల్లో మొదలవుతుంది. కొండల్లోకి వెళ్ళి తుపాకి పట్టడమా, కలం పట్టడమా అన్న పాత సందిగ్ధం మధ్యలో తొంగిచూస్తుంది గాని, అధికారికి సమర్పించదగిన కథగా మారదు. ఈ మౌనం లోపం కాదు. శరణు కోరినవాడు తన బాధను ఋజువుగా చూపవలసిన వ్యవస్థలో, కారణం చెప్పకపోవడమే ఒక ధిక్కారం. దాని బదులు భోజనానికీ, టెలిఫోనుకూ, మందులకూ కట్టవలసిన వరుసలను రచయిత ఓపికగా వర్ణిస్తాడు. శిక్ష ఎలా పనిచేస్తుందో ఆ వరుసలే చెబుతాయి.

పాత్రల పేర్ల విషయంలో మాత్రం సందేహం మిగులుతుంది. శిబిరంలో బూచానీ ఒక సంఖ్య: ఎమ్ఈజీ45. తోటి ఖైదీలకు అతను సంఖ్యల బదులు మారుపేర్లు పెట్టాడు. అన్నం వరుసలో ఎప్పుడూ ముందుండేవాడు ‘ఆవు’. అసలు పేర్లు దాచడం వారి రక్షణకే కావచ్చు. కాని ఆ ‘ఆవు’ ఏ ఊరివాడో, ఏమి పోగొట్టుకున్నాడో పాఠకుడికి తెలియదు. తనకు తాను తీసుకున్న మౌనపు హక్కు ఇతరుల దగ్గరకు వచ్చేసరికి వాళ్ళ చరిత్రను చెరిపేస్తుంది.

బూచానీ 2019 నవంబరులో సాహిత్య సభ కోసం క్రైస్ట్‌చర్చ్ వచ్చి, 2020 జులైలో శరణార్థి హోదా పొందాడు. అతనికి పరిశోధక స్థానమిచ్చిన కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం రిక్కార్టన్‌ పక్కనున్న ఐలంలో ఉంది. ఇంగ్లీషులో ఈ పేట పేరుకూ అతను పుట్టిన ఈలాంకూ వర్ణక్రమం ఒకటే. దీన్ని ఇల్లు చేరడంగా చెప్పుకోవడం సులువు. అది కేవలం యాదృచ్ఛికం. పైగా, అతను రావడానికి ఎనిమిది నెలల ముందు, మార్చి 15న, రిక్కార్టన్‌లోని అల్ నూర్ మసీదులోనూ, లిన్‌వుడ్ మసీదులోనూ జరిగిన కాల్పుల్లో 51 మంది మరణించారు. వారిలో హైదరాబాదు, కరీంనగరు మూలాలున్నవారూ ఉన్నారు. వీసాపై వచ్చినవారికైనా, శరణు పొందినవారికైనా క్షేమం హామీ కాదు.

పుస్తకం మానుస్‌లోనే ముగుస్తుంది. విడుదల తరువాతి జీవితం అందులో లేదు. వసంతానికి స్వాగతం పలికే నౌరోజ్ దక్షిణార్ధగోళంలో ఆకురాలు కాలంలో వస్తుంది. ఉగాదీ అంతే. ఆ వెలితి రిక్కార్టన్‌లోని తెలుగువారికీ తెలుసు. అయితే ఉద్యోగ వీసాపై వచ్చినవారు సెలవు పెట్టి పుట్టింటికి వెళ్ళిరాగలరు. ప్రాణభయంతో వచ్చినవారికి ఆ దారి మూసివుంది. ‘ఎందుకు వచ్చారు’ అని పొరుగువారిని అడిగే ముందు తెలుగు పాఠకులు ఈ తేడాను గుర్తించాలి. ఆ గుర్తింపు కలిగించడంలో, తన లోపాలతో సహా, ఈ రచన సఫలమైంది.