డిఫాల్ట్ ఆపరేటింగ్ సిస్టం ఎంపిక: మూడు పద్ధతులు – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఒకే కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయనుకుందాం. ఆన్ చేయగానే బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రాం ఒక మెనూ చూపుతుంది. నిర్ణీత సెకన్లలోగా మనం ఏదీ ఎంచుకోకపోతే, ముందే నిర్ణయించిన సిస్టంను అదే ప్రారంభిస్తుంది. అదే డిఫాల్ట్. దానిని మార్చే ఆదేశాలు తెలిస్తే చాలదు; ఏ పద్ధతి ఎంతవరకు నమ్మదగినదో కూడా విద్యార్థి బేరీజు వేయగలగాలి.

వరుస సంఖ్య: లినక్స్‌లో విరివిగా వాడే గ్రబ్ బూట్ లోడర్‌లో డిఫాల్ట్‌ను ఒక టెక్స్ట్ ఫైలులో రాస్తారు. వరుసలను 0 నుంచి లెక్కిస్తారు కాబట్టి, అయిదో వరుసలో విండోస్ ఉంటే 4 అని రాయాలి. కొత్తవారు మొదట తడబడేది ఇక్కడే. అయితే అసలు లోపం లెక్కలో లేదు. సంఖ్య చోటును చెబుతుంది గాని, ఆ చోట ఏముందో చెప్పదు. పాత ఉబుంటు మెనూలలో ఒక్కో కెర్నల్‌కు మామూలు వరుస, రికవరీ వరుస అని రెండు ఉండేవి. వాటి కింద రెండు మెమరీ పరీక్ష వరుసలు, ఆ తరవాత విండోస్ ఉండేవి. కొత్త కెర్నల్ చేరితే విండోస్ 4 నుంచి 6కు జరిగేది; 4 దగ్గరకు మెమరీ పరీక్ష వచ్చేది. వాడేవారు ఏ మార్పూ చేయకపోయినా ఫలితం మారిపోయేది. తరవాత పాత కెర్నల్‌లను ఉపమెనూలోకి చేర్చడంతో ఇబ్బంది తగ్గింది గాని, మూలకారణం అలాగే ఉంది.

పేరు: సంఖ్యకు బదులు మెనూలోని శీర్షికను గాని, ఆ వరుస గుర్తింపు సంకేతాన్ని గాని రాయడానికి గ్రబ్ అనుమతిస్తుంది. వరుసలు జరిగినా ఎంపిక చెదరదు. అయితే శీర్షికలో డిస్కు పేరు కలిసి ఉంటే, అది మారినప్పుడు శీర్షిక కూడా మారుతుంది. అప్పుడు గ్రబ్ మొదటి వరుసనే ప్రారంభిస్తుంది. కాబట్టి శీర్షిక కంటే గుర్తింపు సంకేతం మేలు.

చివరి ఎంపిక: గతసారి ఎంచుకున్న సిస్టంనే మళ్లీ ప్రారంభించమని చెప్పడం మూడో పద్ధతి. ఒక్కరే వాడే కంప్యూటర్‌కు ఇది హాయి. అన్నాచెల్లెళ్లు పంచుకునే కంప్యూటర్‌లో మాత్రం నిన్న రాత్రి అన్న చేసిన ఎంపిక ఈ ఉదయం చెల్లెలికి డిఫాల్ట్ అవుతుంది.

విండోస్ పద్ధతి ఇందుకు భిన్నం. ఎక్స్‌పీ వరకు ఈ అమరిక ఎవరైనా తెరిచి చదవగల టెక్స్ట్ ఫైలులో ఉండేది. విస్టా నుంచి అది ప్రత్యేక డేటా నిల్వలోకి మారింది. అందులో ప్రతి సిస్టంకూ ఒక గుర్తింపు సంకేతం ఉంటుంది కాబట్టి స్థిరత్వం ఎక్కువ. కాని ఆ నిల్వను మామూలు ఎడిటర్‌లో చదవలేం. గ్రబ్ ఫైలు తెరిచిన పుస్తకం లాంటిదే. అయితే మార్చి సేవ్ చేస్తే సరిపోదు, మెనూను తిరిగి తయారుచేసే ఆదేశం కూడా ఇవ్వాలి. అది మరచిపోయినా ఏ హెచ్చరికా రాదు.

ఈ లోపాలు చిన్నవిగా కనిపించవచ్చు. కాని గ్రబ్ మెనూ వచ్చే దశలో స్క్రీన్ రీడర్ పనిచేయదు. చూపులేని విద్యార్థికి ఆ మెనూ లేనట్టే. డిఫాల్ట్ ఒక్కటే దారి. అది తప్పితే ఆ రోజు చదువు ఆగిపోతుంది. మెనూ చూసి సరిదిద్దుకోగలవారిని మాత్రమే దృష్టిలో పెట్టుకుంటే డిఫాల్ట్ విలువ తెలియదు. సరిదిద్దుకోలేనివారికి అది ఎంత నిలకడగా ఉంటుందన్నదే సరైన కొలమానం. ఆ కొలమానంతో చూస్తే వరుస సంఖ్య అన్నిటికంటే బలహీనం, గుర్తింపు సంకేతం అన్నిటికంటే మేలు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: మీ ఇంట్లో ఇద్దరు వాడే కంప్యూటర్‌కు ఏ పద్ధతిని సూచిస్తారు? కారణాలతో వివరించండి.