ప్రోత్సాహం: ఒక పరిశీలన

మన సాహిత్య సభల్లో తరచుగా వినిపించే మాట ప్రోత్సాహం. "వర్ధమాన కవిని ప్రోత్సహించవలసిన బాధ్యత మన మీద ఉంది" అని వక్త అంటాడు. సభ చప్పట్లు కొడుతుంది. ముందుమాట రాసే పెద్దలు లోపాలను దాటవేసి, దానికి ప్రోత్సాహమని పేరు పెడతారు. విమర్శా, ప్రోత్సాహమూ ఒకదానికొకటి విరోధులన్న భావం ఈ విధంగా స్థిరపడిపోయింది. అది సరయినదేనా?

ముందు మాటనే చూద్దాం. ఉత్సాహానికి 'ప్ర' ఉపసర్గ చేరితే ప్రోత్సాహం. ఉత్సాహంలోని ధాతువు 'సహ్'. ఓర్చుకోవడం, ఎదుర్కొని నిలవడం దాని అర్థాలు. సహనం అన్న మాటా అందులోంచి వచ్చిందే. భరతుడు వీరరసానికి స్థాయీభావంగా చెప్పింది ఉత్సాహాన్నే. ఇంగ్లీషువారి ఎంకరేజ్‌మెంట్‌లో ఉన్నదీ ధైర్యమే. కనుక ఈ మాటకు పొగడ్తతో పుట్టుచుట్టరికం లేదు. బరువు మోయగల శక్తిని మేల్కొలపడమే ప్రోత్సాహం.

అయితే నిఘంటువులోని అర్థం వేరు, సమాజంలో చెలామణి అయ్యే అర్థం వేరు. పరిశ్రమాధిపతికి ఇచ్చే భూమినీ, పన్ను రాయితీనీ ప్రభుత్వాలు 'ప్రోత్సాహకం' అంటాయి. అదే ఖజానా నుంచి కూలివాడికి బియ్యం అందితే అది 'ఉచితం'! 1966లో ప్రాణాలొడ్డి పోరాడి ఉక్కు ఫ్యాక్టరీ సాధించుకున్న ఊరు మనది. 2021 జనవరిలో ఆ ఫ్యాక్టరీ వాటాలను నూటికి నూరు శాతం అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పుడు, ప్రోత్సాహం ఎవరికి, నిరుత్సాహం ఎవరికి అన్నది మనకు వేరే చెప్పనక్కరలేదు. మాటలకు కూడా వర్గ స్వభావం ఉంటుంది.

సాహిత్యంలో నిజమైన ప్రోత్సాహం ఎలా ఉంటుందో చూపడానికి మన ప్రాంతంలోనే రెండు ఉదాహరణలున్నాయి.

మొదటిది కన్యాశుల్కం. ఆనందగజపతి గురజాడకు ఇచ్చింది మెప్పు మాత్రమే కాదు. విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితాను ఆయన తయారుచేయించారు. లెక్క 1,034కు చేరిందని 1897 నాటి ముందుమాటలో గురజాడే రాశారు. రాజపోషణకు ఉన్న పరిమితులు మనకు తెలియనివి కావు. అయినా శాలువాకూ ఈ జాబితాకూ మధ్య ఉన్న తేడాను గుర్తించాలి. శాలువా రచయితను వేదిక మీద కూర్చోబెడుతుంది. జాబితా అతన్ని వాస్తవానికి ఎదురుగా నిలబెడుతుంది.

రెండవది 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో జరిగిన శ్రీశ్రీ షష్టిపూర్తి. అది సన్మాన సందర్భం. అక్కడికి విద్యార్థులు దండలు తేలేదు, కరపత్రం తెచ్చారు. రచయితలారా, మీరెటు వైపు అని నిలదీశారు. అదే సంవత్సరం జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఆ మార్గంతో ఏకీభవించనివారు కూడా ఒక సంగతి ఒప్పుకోక తప్పదు: ఆ ఏడాది తెలుగు రచయితలను కదిలించింది పొగడ్త కాదు, ప్రశ్న.

ఇంతకూ ఈ తప్పు చేసినవారిలో నేనూ ఉన్నాను. పోర్టు కళాసీ కొడుకొకడు నా తరగతిలో కవితలు రాసేవాడు. శ్రామికుని బిడ్డ గదా, నొచ్చుకుంటాడేమోనని ప్రతి దాని కిందా 'చాలా బాగుంది' అని రాసేవాణ్ణి. రెండేళ్ళపాటు వాడు అదే కవితను పేరు మార్చి రాశాడు. చివరకు ఒకనాడు అడిగాడు: "మాస్టారూ, నా దాంట్లో తప్పే లేదా? నాకు చెప్పడం దండగనుకున్నారా?"

నేను దయ అనుకున్నది వాడికి చిన్నచూపుగా తగిలింది. వాడి అభిప్రాయమే సరయినది. అగ్రకులపు పిల్లవాడి పద్యంలో యతి తప్పితే ఎర్రసిరాతో దిద్దే మనం, శ్రామికుని బిడ్డ రాసినదాన్ని దిద్దకుండా వదిలేస్తే, అతన్ని రచయితగా అంగీకరించనట్టే గదా!

ఆ సాయంత్రం ఇద్దరం ఒక కవిత ముందు పెట్టుకుని కూర్చున్నాం. అందులో సముద్రం ఉంది, సూర్యుడున్నాడు, చెమట ఉంది. వాళ్ళ నాన్న మోసే బస్తా లేదు. ఎంత బరువుంటుందని అడిగితే వాడికి తెలియదు. ఇంటికి వెళ్ళి కనుక్కున్నాడు. తర్వాతి కవిత ఆ బస్తాతోనే మొదలయింది.

వర్ధమాన రచయితకు మనం ఇవ్వగలిగింది సమాచారం, ప్రశ్న, అతని వాక్యం మీద మన కాలం. అవి ఇవ్వకుండా చప్పట్లు మాత్రమే ఇచ్చేవాళ్ళం ప్రోత్సాహమన్న మాట వాడకుండా ఉండడమే మర్యాద.