కరక్కాయ పట్టిన గుడ్డ

పెడనలో అచ్చు వేసే పెద్దాయన పని ఒక్కసారి చూస్తే ఇంకే పనీ కంటికి ఆనదు. టేకు అచ్చుని రంగు మెత్తకి తాకిస్తారు, గుడ్డమీద ఆనిస్తారు, పైనుంచి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. గీత గీసుకోరు, కొలత పెట్టరు. చీర పూర్తయ్యాక ఏ తీగ ఎక్కడ అతికిందో కళ్ళు చికిలించి వెతుక్కోవాలి.

కలంకారీ అని పిలిచే ఇలాంటి అద్దకం గుడ్డలు బందరు (మచిలీపట్నం) రేవులో ఓడలెక్కి ఐరోపా చేరాయి. అక్కడి జనం ఎంతగా ఎగబడ్డారంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1721లో ఇండియా అద్దకాల మీద నిషేధాలు పెట్టాయి.

టెక్స్‌టైల్ డిజైన్ చదివే రోజుల్లో ఆ పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నాను. అప్పుడు నాకన్నీ తొందరే. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి ఆరబెట్టడం ఉత్త తతంగం అనిపించింది. అది మానేసి, ఇనుప తుక్కూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళని ఉత్త గుడ్డమీదే అద్దాను. తుప్పు మరక మిగిలింది. పెద్దాయన ఏమీ అనలేదు. "ఇప్పుడు దీనిమీద వెయ్యమ్మా," అని కరక్కాయ పట్టిన ముక్క ఇచ్చారు. చూస్తుండగానే కాటుక నలుపు! నలుపు ఆ నీళ్ళలో ఉండదు. కరక్కాయ వగరూ ఇనుమూ కలిసిన చోట పుడుతుంది. పాలలోని కొవ్వు దాన్ని పాకనివ్వదు, అందుకే గీత అంత తీరుగా నిలుస్తుంది.

ఎరుపు ఇంకా విచిత్రం. అద్దేది పటిక నీళ్ళు మాత్రమే. రంగు కాగులో ఉడికాకే పటిక తాకిన చోటల్లా ఎర్రబడుతుంది. పటికలో కాస్త ఇనుప నీళ్ళు కలిపితే అదే కాగులో ముదురు గోధుమ రంగు తేలుతుంది. ఏ మిషనుకి తెలుసు ఈ విద్య?

కాళహస్తిలో కలంతో గీసే కలంకారీ ముందు అచ్చు తక్కువదనే వాళ్ళున్నారు. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టిగారి కలానికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ వెంట్రుకవాసి తీగని టేకుచెక్కలో కుడిఎడమలు తారుమారు చేసి చెక్కే చేతిని తక్కువ అంటే మాత్రం ఒప్పుకోను. ఎన్ని రంగులుంటే అన్ని అచ్చులు చెక్కాలి, అన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. అందులో ఒక్కటి రవ్వంత తప్పినా పువ్వు గీత దాటిపోతుంది.

ఆ అద్దకం మీదే తర్వాత మిషన్ ఎంబ్రాయిడరీ ప్రయత్నించాను. మిషను పళ్ళు దించేసి, గుడ్డని రింగులో బిగించి, రెండు చేతులతో రింగుని తిప్పుతూ కుట్టాలి. సూది ఒకచోటే పైకీ కిందకీ ఆడుతుంటుంది, బొమ్మ గీసేది మన చేతులే. అడుగున కాగితం పెట్టకుండా ఒత్తుగా కుట్టేసరికి నా మొదటి నెమలి ముడతలు పడింది. లావు దారాన్ని బాబిన్‌కి చుట్టి, గుడ్డ తిరగేసి వెనకనుంచి కుట్టడం నేర్చుకున్నాక, అద్దిన తీగమీద దారం తాడులా లేచి నిలబడింది. దీన్ని చేతిపని కాదని ఎలా అంటారు?

ఇక బజారుకి వెళ్తే కడుపు మండిపోతుంది. పాలిస్టర్ మీద డిజిటల్ ప్రింటు కొట్టి 'కలంకారీ' అని అమ్ముతున్నారు. అచ్చు అతుకు దగ్గర పడిన చిన్న తేడాని కూడా ఫొటో తీసి అచ్చంగా దించుతున్నారు! మనిషి చెయ్యి వదిలిన గుర్తుని దొంగిలించడం కాదా ఇది? పెడనలోనే స్క్రీన్ ప్రింటింగ్ బల్లలు అచ్చుల బల్లల్ని పక్కకి నెట్టేస్తున్నాయి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఇచ్చి ఏం లాభం, కొనేవాళ్ళకి గుడ్డ తిరగేసి చూడటం రాకపోతే? ప్రింటుని ప్రింటు అనే అమ్మండి, ఎవరూ కాదనరు. ఆ పేరు మాత్రం పటికనీళ్ళలో నానిన చేతులకి వదిలెయ్యండి.

డిజైన్ నేర్పే పంతుళ్ళకి నా మనవి ఒక్కటే. పిల్లల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే ముందు ఒక్క నెల పెడన పంపండి, గుడ్డలు పాడుచేసుకోనివ్వండి. తుప్పు మరకలున్న నా గుడ్డముక్క ఇప్పటికీ దాచుకున్నాను. నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లల చేతిలో ముందు అదే పెడతాను, పక్కనే ఒక కరక్కాయ ఉంచి.