భాగం – 9: వాడుక వస్తువు, విమర్శ – డోన్ ప్రాంతపు బొంత

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• బొంత తయారీలోని దశలను వివరించగలుగుతారు.
• బొంత గురించి ప్రచారంలో ఉన్న రెండు అభిప్రాయాలను, వాటిలోని లోపాన్ని గుర్తించగలుగుతారు.
• మీ ఇంట్లోని ఒక వాడుక వస్తువు మీద విమర్శ వ్యాసం రాయగలుగుతారు.

విషయక్రమం

9.1 పరిచయం
9.2 బొంత ఎలా తయారవుతుంది?
9.3 రెండు అభిప్రాయాలు, ఒకే లోపం
9.4 ఎంపికలను చదవడం
9.5 ఇతర ప్రాంతాల అనుభవం
9.6 గోడ మీదికా, మంచం మీదికా?
9.7 గుణదోషాల నిర్ణయం
9.8 సారాంశం
9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు
9.10 ముఖ్య పదాలు

9.1 పరిచయం

కవితను, కథను, నవలను విమర్శించే పద్ధతులను గత భాగాల్లో తెలుసుకున్నారు. ఆ విమర్శకుడికి కొన్ని సౌకర్యాలున్నాయి. రచయిత పేరు తెలుసు. రచన అచ్చులో ఉంది. పదేళ్ల తరవాత తెరిచినా అక్షరం మారదు. ఈ భాగంలో ఆ సౌకర్యాలేవీ లేని వస్తువును తీసుకుంటున్నాం. దాని కోసం గ్రంథాలయానికి వెళ్లనక్కరలేదు. ఈ పాఠాన్ని మీరు దాని మీద కూర్చునే చదువుతూ ఉండవచ్చు.

పాతవాళ్లు ద్రోణాచలం అని పిలిచే డోన్, నంద్యాల జిల్లాలోని రైల్వే జంక్షన్. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. చుట్టూ సున్నపురాయి నేల. పక్కనే నాపబండలకు పేరుపడిన బేతంచెర్ల ఉంది. ఈ ప్రాంతపు ఇళ్లలో నేల మీద పరిచేది ఆ బండలే. ఎండాకాలంలో ఆ బండ మీద ఒళ్లు వాలిస్తే హాయిగా ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున అదే బండ ఒళ్లు జివ్వుమనిపిస్తుంది. బండకూ ఒంటికీ మధ్య పరిచేది బొంత.

అదే జిల్లాలోని ఆళ్లగడ్డ రాతి విగ్రహాలకు ప్రసిద్ధి. విగ్రహం చెక్కినవారిని మనం గౌరవంగా 'శిల్పి' అంటాం. బొంత కుట్టినామెను పిలవడానికి అలాంటి మాట మన దగ్గర లేదు. "పనేమీ లేక బొంత కుట్టుకుంటోంది" అంటాం. ఈ తేడా న్యాయమైనదేనా అన్నది ఈ భాగంలో మనం వేసుకునే ప్రశ్న.

9.2 బొంత ఎలా తయారవుతుంది?

బొంతకు ముడిసరుకు వాడి వాడి మెత్తబడిన బట్ట. పాత చీరలు, పంచెలు, లుంగీలు, చొక్కాలు, పిల్లల గౌన్లు ఒక మూటలో చేరుతూ ఉంటాయి. మూట నిండాక బట్టలన్నీ ఉతికి ఆరేస్తారు. గుండీలు, హుక్కులు ఊడదీస్తారు. పనికిరానంత చివికిన భాగాన్ని చించేస్తారు.

తరవాత నేల మీద ఒక చీరను ముడత లేకుండా పరుస్తారు. దాని మీద పంచె ముక్కలు, చొక్కా వీపులు పొరలుగా పేరుస్తారు. ఒక ముక్క ముగిసే చోట మరో ముక్క మొదలు కావాలి. మధ్యలో సందు మిగిలితే అక్కడ బొంత పలచబడుతుంది. అన్నిటికీ పైన మరో చీర వస్తుంది. పొరలు కదలకుండా ముందు పెద్ద పెద్ద కుట్లు వేసి, ఆ తరవాత అంచు నుంచి వరసలు వరసలుగా అసలు కుట్టు మొదలుపెడతారు. సూది కిందికి దిగి పైకి లేస్తూ ముందుకు సాగే మామూలు కుట్టే ఇది. ఇంత దళసరి మీద దాన్ని సమంగా వేయడం మాత్రం మామూలు పని కాదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే పని త్వరగా సాగుతుంది. పొలం పనులు తగ్గే ఎండాకాలపు మధ్యాహ్నాలు దీనికి అనువైనవి. ఊరూరా తిరిగి కూలికి బొంతలు కుట్టిపెట్టేవారు కూడా ఉన్నారు.

పాతబడిన బొంతను చాలా ఇళ్లలో పారేయరు. కొత్త బొంతకు అది లోపలి పొర అవుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. 9.6లో మళ్లీ అవసరమవుతుంది.

9.3 రెండు అభిప్రాయాలు, ఒకే లోపం

మొదటి అభిప్రాయం: బొంత పేదరికానికి గుర్తు. మన భాషే ఇందుకు సాక్ష్యం. 'గంతకు తగ్గ బొంత' అనే సామెతను ఎవరినైనా మెచ్చుకోవడానికి వాడతామా? ఇద్దరినీ కలిపి ఎగతాళి చేయడానికే వాడతాం. ఒళ్లంతా నూగుతో చూడగానే జలదరింపు పుట్టించే పురుగుకు 'బొంతపురుగు' అని పేరు పెట్టాం. పెళ్లిచూపులకు చుట్టాలు వస్తున్నారంటే ముందుగా లోపలి గదికి చేరేవి బొంతలే. మంచం మీదికి కొత్త దుప్పటి వస్తుంది.

రెండవ అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు దిక్కు నుంచి వస్తుంది. హస్తకళల ప్రదర్శనలో గోడకు తగిలించిన బొంతను చూసి, "పల్లె స్త్రీలలో సహజంగా ఉండే సౌందర్య దృష్టి" అని మెచ్చుకుంటారు. ఇది మర్యాదగానే వినిపిస్తుంది. కాని 'సహజంగా' అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మంచి పద్యం రాసిన కవిని మెచ్చుకునేటప్పుడు ఆయన సాధనను, అభ్యాసాన్ని, పదాల ఎంపికను ప్రస్తావిస్తాం. బొంత కుట్టినామెను మెచ్చుకునేటప్పుడు ఆమెకు అది పుట్టుకతోనే వచ్చిందంటున్నాం. అంటే ఆమె ఆలోచించలేదని చెబుతున్నాం.

మొదటివారికి బొంతలో అవసరం తప్ప ఆలోచన కనిపించలేదు. రెండవవారికి అందం తప్ప ఆలోచన కనిపించలేదు. లోపం ఇద్దరిదీ ఒకటే. కుట్టిన మనిషి అడుగడుగునా చేసిన ఎంపికలను ఇద్దరూ చూడలేదు. ఆ ఎంపికలను చూపించడమే ఇక్కడ విమర్శకుడి పని.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని ఐదు వాక్యాల్లో రాయండి.
'సహజ సౌందర్య దృష్టి' అన్న ప్రశంసలో దాగి ఉన్న చిన్నచూపు ఏమిటి?

9.4 ఎంపికలను చదవడం

మీ ఇంట్లోని బొంతను ఒకదాన్ని ముందు పరుచుకోండి. కవితను చదివినట్టే కింది నాలుగు ప్రశ్నలతో దాన్ని చదవండి.

(అ) ఒంటికి తగిలే వైపున ఏ గుడ్డ ఉంది? సాధారణంగా బాగా నలిగిన నూలు చీర పైకి వస్తుంది. కొత్త గుడ్డ కంటే పాత నూలు గుడ్డ మెత్తన. ఏ చీర ఒంటికి తగలాలో, ఏది నేలకు తగలాలో కుట్టే మనిషి ముందే నిర్ణయించుకుంటుంది.

(ఆ) పొరలు ఎక్కడ దళసరిగా, ఎక్కడ పలచగా ఉన్నాయి? పెద్దవాళ్లు నేల మీద పరుచుకునే బొంత దళసరిగా ఉండాలి. పసిబిడ్డ కిందికి వేసే చిన్న బొంత పలచగా ఉండాలి. అది రోజూ తడుస్తుంది, తొందరగా ఆరాలి. ఒకే చేయి, ఒకే మూటలోని గుడ్డ. వాడే మనిషిని బట్టి కొలత మారింది.

(ఇ) కుట్టు వరసల మధ్య దూరం ఎంత? వరసలు దగ్గరగా ఉంటే బొంత ఏళ్ల తరబడి నిలుస్తుంది, కాని బిరుసెక్కుతుంది. దూరంగా ఉంటే మెత్తగా ఉంటుంది, కాని రెండు ఉతుకులకే లోపలి ముక్కలు జారి గడ్డ కడతాయి. ప్రతి బొంతా ఈ రెంటి మధ్య ఒక తీర్పు. కవి ఛందస్సు బిగువుకూ భావానికీ మధ్య చేసే బేరం లాంటిదే ఇది.

(ఈ) చీర అంచు ఎక్కడికి చేరింది? చీరలో ఒళ్లు చిరిగినా అంచు గట్టిగా మిగులుతుంది, అక్కడ నేత చిక్కన. చాలామంది ఆ అంచును కోసి బొంత చుట్టూ కుడతారు. ఎక్కువ ఒరిపిడి తగిలేది బొంత చివరలకే కాబట్టి అక్కడ గట్టి గుడ్డ కావాలి. చూడడానికి అది పటానికి కట్టిన చట్రంలా కూడా ఉంటుంది. ఇక్కడ ఉపయోగం ఎంతవరకు, అందం ఎక్కడి నుంచి అని గీత గీయగలరేమో ప్రయత్నించండి. గీయలేరు. ఈ అంశమే వాడుక వస్తువు విమర్శకు కేంద్రం.

ఈ నాలుగూ కంటితో, చేతితో పరీక్షించగలిగినవి. ఐదవది అడిగి తెలుసుకోవలసినది: లోపల ఎవరి బట్టలున్నాయి? పై చీర కింద తాత పంచె, పెళ్లయి వెళ్లిన కూతురి లంగా ఉండవచ్చు. అది బయటికి కనిపించదు. కుట్టినామెకు మాత్రం తెలుసు. అమ్మనో అవ్వనో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. మీ వ్యాసానికి ఆధారం ఆమె మాటే.

9.5 ఇతర ప్రాంతాల అనుభవం

పాత బట్టతో పొరలు కుట్టే అలవాటు మన ఒక్కరిదే కాదు. ఉత్తర కర్ణాటకలో దీన్ని కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి అంటారు. అతుకుల వస్త్రానికి సంస్కృతంలో కంథ అని పేరు. బెంగాలీల కాంథా ఆ మాట నుంచి వచ్చింది.

వీటిలో విమర్శకుల దృష్టి ముందుగా కాంథా మీద పడింది. జసీముద్దీన్ 1929లో వెలువరించిన 'నక్షీ కాంథార్ మాఠ్' కావ్యానికి పేరులోనే కాంథా ఉంది. గురుసదయ్ దత్ కాంథాలను సేకరించారు. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1939లో వాటి మీద వ్యాసం రాశారు. కాంథాకు ఈ గౌరవం దక్కడానికి ఒక కారణం స్పష్టం. దాని మీద తామర, ఏనుగు, రథం వంటి బొమ్మలు కుడతారు. కొన్నిటి మీద కుట్టినామె పేరు కూడా దారంతోనే రాసి ఉంది. బొమ్మలు చూడడానికి అలవాటుపడిన కన్ను కాంథాను వెంటనే గుర్తుపట్టింది. మన మామూలు బొంత మీద బొమ్మ లేదు, పేరు లేదు. దాని నేర్పంతా అమరికలో, కుట్టులో ఉంది. అందుకే దానికి వేరే రకం చూపు కావాలి.

ఇప్పుడు అమెరికా ఉదాహరణ చూద్దాం. అలబామా రాష్ట్రంలో నది వంపులో ఉన్న గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా పని బట్టలతో క్విల్టులు కుట్టారు. 2002లో హ్యూస్టన్‌లోని లలితకళల మ్యూజియం వాటిని ప్రదర్శించింది. తరవాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంకు వెళ్లాయి. విమర్శకులు వాటిని ఆధునిక నైరూప్య చిత్రాలతో పోల్చారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి.

ఆ పోలికలో గౌరవం ఉంది. కాని అందులో ఏం జారిపోయిందో చూడండి. మిసూరి పెట్‌వే 1942లో కుట్టిన క్విల్టు చనిపోయిన భర్త పని బట్టలతో చేసినది. ఆయన జ్ఞాపకంగా కప్పుకోవడానికి ఆమె దాన్ని కుట్టుకుందని కూతురు తరవాత చెప్పారు. గోడ మీద చూసినవారికి అది వెలిసిన నీలం, బూడిద రంగు పట్టీల కూర్పు. ఆ పట్టీలు ఒక మనిషి ప్యాంటు కాళ్లని తెలిసిన తరవాత అదే కూర్పు మరోలా కనిపిస్తుంది. రంగును మాత్రమే చూసిన విమర్శ సగం విమర్శ.

పేరు రావడంతో డబ్బు ప్రశ్న కూడా వచ్చింది. తమ క్విల్టుల నమూనాల హక్కుల విషయంలో కుట్టినవారు కొందరు 2007లో కోర్టుకు వెళ్లారు. మరుసటి సంవత్సరం రాజీ కుదిరింది. ఒక వస్తువును కళ అని పిలిచిన రోజున దాని మీద ఎవరికి హక్కు అన్న ప్రశ్న కూడా పుడుతుందని దీన్నిబట్టి గ్రహించండి.

9.6 గోడ మీదికా, మంచం మీదికా?

ఆలిస్ వాకర్ 1973లో ప్రచురించిన 'ఎవ్రీడే యూజ్' కథ మన చర్చకు సరిగ్గా సరిపోతుంది. ఒక పల్లెటూరి తల్లి. ఇద్దరు కూతుళ్లు. పట్నంలో చదివిన పెద్ద కూతురు ఇంటికి వచ్చి, అమ్మమ్మ కాలపు క్విల్టులను తనకిమ్మంటుంది. వాటిని గోడకు తగిలించాలని ఆమె ఉద్దేశం. తల్లి వాటిని చిన్న కూతురికి పెళ్లికిస్తానని మాట ఇచ్చి ఉంది. చిన్నది వాటిని రోజూ వాడి చింపేస్తుందని పెద్దది మండిపడుతుంది. చివరికి తల్లి వాటిని తీసి చిన్న కూతురి ఒళ్లో పెడుతుంది. చిన్నదానికి క్విల్టు కుట్టడం వచ్చు. పాతవి చిరిగితే కొత్తవి కుట్టగలదు.

చాలామంది పాఠకులు తల్లి పక్షాన నిలుస్తారు. మీరు కూడా నిలవవచ్చు. కాని పెద్ద కూతురి వాదాన్ని కొట్టిపారేయకండి. వాడితే బట్ట చిరుగుతుందన్నది నిజం. 9.2లో చెప్పినట్టు మన పాత బొంత కొత్త బొంత కడుపులో కలిసిపోతుంది. అందుకే మూడు తరాల కిందటి బొంతను తెచ్చి చూపించమంటే మనలో చాలామంది చూపించలేం. చూపించలేనిదానికి చరిత్ర రాయడం కష్టం. కుట్టినవారికి పేరు లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

అయితే తల్లి నిర్ణయంలో మరో లెక్క ఉంది. వస్తువును దాచడం ఒక రకం భద్రత. కుట్టే విద్య తెలిసిన చేతికి అప్పగించడం మరో రకం భద్రత. మొదటిది గుడ్డను కాపాడుతుంది, రెండవది విద్యను కాపాడుతుంది. డోన్ ప్రాంతంలో ఇప్పుడు ప్రమాదంలో ఉన్నది రెండవది. బజారులో చవకగా దొరికే మిల్లు దుప్పట్లు, పరుపులు వచ్చాక చాలా ఇళ్లలో మూట కట్టడమే మానేశారు. నేర్పేవారు ఉన్నా నేర్చుకునేవారు లేరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
గమనిక: మీ సమాధానాన్ని పది వాక్యాల్లో రాయండి.
మీ ఇంట్లో పాత బొంత ఒకటే మిగిలి ఉంటే దాన్ని దాస్తారా, వాడతారా? మీ నిర్ణయాన్ని సమర్థించుకోండి.

9.7 గుణదోషాల నిర్ణయం

పొగడ్త మాత్రమే విమర్శ కాదు. చేతితో కుట్టిన ప్రతి బొంతా మంచి బొంత కాదు. నేడు మూటలో చేరేవి ఎక్కువగా పాలియెస్టర్ చీరలు. అవి రంగు వెలవవు, త్వరగా ఆరతాయి, చాలాకాలం మన్నుతాయి. కాని చెమట పీల్చవు. పొర మీద పొర జారుతుంది. ఎండాకాలం డోన్ వేడిలో అలాంటి బొంత మీద పడుకున్నవారికి ఆ తేడా వీపుకే తెలుస్తుంది. కంటికి ఎంత అందంగా ఉన్నా పడుకోలేని బొంతను మంచి బొంత అనలేం. పాలియెస్టర్‌ను నేల వైపుకు, నూలును ఒంటి వైపుకు మార్చిన స్త్రీ కొత్త ముడిసరుకుకు తగిన కొత్త జవాబు కనిపెట్టింది. విమర్శకుడు గుర్తించి పేరు పెట్టి రాయవలసింది ఇలాంటి జవాబులనే.

మరో దోషం బరువు. నీటికి ఇబ్బంది పడే ప్రాంతంలో, తడిస్తే ఇద్దరు కలిసి పిండినా నీరు వదలని బొంతను తరచుగా ఉతకలేరు. ఎండలో వేసి దులపడంతో సరిపెట్టుకోవాలి. ఆ బరువును మోసేది, పిండేది కూడా సాధారణంగా కుట్టినామే. ఆమె కష్టాన్ని దాచిపెట్టి ఆమె కళను మెచ్చుకోవడం సరికాదు.

9.8 సారాంశం

బొంతను పేదరికపు గుర్తుగా చూసినవారూ, సహజంగా పుట్టిన జానపద కళగా చూసినవారూ కుట్టిన మనిషి ఆలోచనను విస్మరించారు. గుడ్డ, పొర, కుట్టు, అంచు – ఈ నాలుగింటిలో ఆమె చేసిన ఎంపికలను చదివితే బొంతకు తగిన కొలమానం దొరుకుతుంది. కాంథా, గీస్ బెండ్ క్విల్టుల అనుభవం గౌరవంతో పాటు వచ్చే నష్టాలను కూడా మనకు చూపింది. వాడుక వస్తువును దాని వాడుక నుంచి విడదీయకుండా విలువ కట్టాలి. కుట్టినామె పేరును వ్యాసం మొదటి వాక్యంలోనే రాయాలి. మీ ఇంటి బొంత మీద మీరు రాసే వ్యాసం బహుశా దాని గురించి ఎవరైనా రాసిన మొదటి వ్యాసం అవుతుంది.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ముప్పై వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. వాడుక వస్తువు విమర్శలో ఉపయోగాన్ని, అందాన్ని వేరు చేయలేమన్న అభిప్రాయాన్ని సోదాహరణంగా చర్చించండి.
2. 'ఎవ్రీడే యూజ్' కథలోని తల్లి నిర్ణయాన్ని మీ ప్రాంతపు అనుభవంతో పోల్చి విమర్శించండి.

II. కింది ప్రశ్నలకు పది వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. కాంథా విమర్శకుల దృష్టికి ముందుగా రావడానికి, మామూలు బొంత రాకపోవడానికి కారణాలేమిటి?
2. పాలియెస్టర్ చీరల వల్ల బొంతలో వచ్చిన మార్పులను గుణదోషాలతో వివరించండి.

9.10 ముఖ్య పదాలు

బొంత : పాత బట్టలను పొరలుగా పేర్చి కుట్టిన పక్కబట్ట
నాపబండ : నేల మీద పరిచే పలకరాయి
ఒరిపిడి : రాపిడి
నైరూప్య చిత్రం : మనుషులు, వస్తువుల రూపాలు లేకుండా రంగులు, గీతలతోనే కూర్చిన చిత్రం