రోబో, 2.0: వసూళ్లు దేనిని కొలుస్తాయి?

ఒక చిత్రం విజయవంతమైందా అని అడిగితే మనలో చాలామంది వెంటనే కోట్ల సంఖ్య చెబుతారు. ఆ సంఖ్య నిజంగా దేనిని కొలుస్తుంది? శంకర్ దర్శకత్వంలో రజనీకాంత్ నటించిన రెండు వైజ్ఞానిక కల్పనా చిత్రాలను తీసుకుని పరిశీలిద్దాం.

'రోబో' 2010 అక్టోబరు 1న, దాని కొనసాగింపు '2.0' 2018 నవంబరు 29న విడుదలయ్యాయి. పత్రికల అంచనాల ప్రకారం మొదటిదానికి దాదాపు 150 కోట్ల రూపాయలు ఖర్చు కాగా, వసూళ్లు 300 కోట్లకు అటూ ఇటూగా ఉన్నాయి. రెండవదానికి ఖర్చు సుమారు 540 కోట్లు. వసూళ్లను కొందరు 650 కోట్లని, మరికొందరు 800 కోట్లని లెక్కకట్టారు. పైకి చూస్తే రెండవదే ఘనవిజయం. కాని పెట్టిన ప్రతి రూపాయికీ 'రోబో' రెండు రూపాయలు రాబట్టింది. '2.0' ఎంత ఉదారంగా లెక్కించినా రూపాయిన్నర దాటలేదు. పైగా ఆ ఎనిమిదేళ్లలో ధరలు ఒకటిన్నర రెట్లకు మించి పెరిగాయి. త్రీడీ టికెట్టు మామూలు టికెట్టు కన్నా ఖరీదు. కనుక వసూళ్లు రెట్టింపయినంత మాత్రాన ప్రేక్షకులు రెట్టింపయ్యారని అనుకోరాదు. కొలబద్ద మారినప్పుడు రెండు కొలతలను నేరుగా పోల్చరాదని ప్రయోగశాలలో నేర్చుకున్నదే కదా!

ఇక కథలోని విజ్ఞానం మాటేమిటి? 'రోబో'లో చిట్టి స్నానం చేస్తున్న బాలికను మంటల నుంచి కాపాడి, అలాగే అందరి ముందుకూ తెస్తుంది. అవమానం భరించలేక ఆమె పరుగెత్తి, వాహనం కింద పడి మరణిస్తుంది. ఆజ్ఞను మాత్రమే ఎరిగిన యంత్రానికి మనిషి మనసు ఎలా తెలుస్తుంది? కృత్రిమ మేధ విస్తరిస్తున్న నేడు ఈ ప్రశ్న మరింత పదునెక్కింది.

'2.0' మాత్రం సెల్‌ఫోన్ తరంగాలు పక్షులను చంపుతున్నాయన్న నమ్మకంపై నిలబడింది. విడుదలకు ముందే ఢిల్లీలోని సెల్యులార్ ఆపరేటర్ల సంఘం సెన్సారు బోర్డుకు ఫిర్యాదు చేసింది. వ్యాపార ప్రయోజనం ఉన్నవారి మాటను అనుమానించవచ్చు, కాని సాక్ష్యాన్ని విడిగా చూడాలి. ఈ తరంగాల ఫోటాన్ శక్తి దృశ్యకాంతి ఫోటాన్ శక్తి కన్నా లక్షల రెట్లు తక్కువ. అణువుల బంధాలను తెంచే శక్తి వాటికి లేదు. ఢిల్లీ ప్రభుత్వం 2012లో ఊరపిచ్చుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. భారతదేశ పక్షుల స్థితిపై 2020లో వెలువడిన నివేదిక ప్రకారం దేశమంతటా చూస్తే పిచ్చుకల సంఖ్య దాదాపు స్థిరంగానే ఉంది, పెద్ద నగరాల్లో తగ్గింది. టవర్లు పల్లెల్లోనూ ఉన్నాయి. కారణం అవే అయితే అక్కడా తగ్గాలి కదా? గూడు కట్టే సందులు, పిల్లలకు పెట్టే పురుగులు నగరాల్లో కరువవడాన్ని ముందుగా అనుమానించాలి.

పక్షులపై చిత్రం చూపిన ఆర్తి మెచ్చదగినదే. కాని తప్పు కారణాన్ని నమ్మితే సరైన చికిత్స ఆలస్యమవుతుంది. నష్టపోయేది పిచ్చుకే. టికెట్లు కుతూహలాన్ని కొలుస్తాయి, సత్యాన్ని కొలవలేవు. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో చదివే మిత్రులు తమ వీధిలోని టవర్లను, గూళ్లను, చెట్లను లెక్కించి ఒక పట్టిక తయారుచేసి చూడండి. ఆ పట్టిక కోట్ల లెక్క కన్నా ఎక్కువే చెబుతుంది.