తూకం తప్పని రెక్క

పటాన్‌చెరు, పాశమైలారం వైపు ఫైబర్ షెడ్లలో యాసిడ్ ట్యాంకులు చేసే మేస్త్రీ పని చూడండి. పాలియెస్టర్ రెసిన్‌లో కోబాల్ట్ ముందే కలిసి ఉంటుంది. పని మొదలుపెట్టబోయే ముందు క్యాటలిస్ట్ పోస్తాడు, నూటికి ఒకటో రెండో పాళ్లు. మే నెల ఎండకు కాస్త తగ్గిస్తాడు, డిసెంబరు చలికి కాస్త పెంచుతాడు. సీసా మూతే అతని కొలత. బకెట్‌ను ఒకసారి చేత్తో తాకి, ఇంకెంతసేపట్లో సెట్ అవుతుందో చెప్పేస్తాడు. ఆ అంచనా సాధారణంగా తప్పదు.

ఆ మేస్త్రీయే ఇంద్రేశంలో ఇంటి వెనక షెడ్డు వేసుకుని సొంతంగా ఒక చిన్న విమానం కట్టాలనుకున్నాడనుకుందాం. గ్లాస్ గుడ్డ పరచడం, రోలర్ తిప్పడం, గాలి బుడగలు తీయడం అతనికి ఒకరు నేర్పక్కర్లేదు. అంచనాతో పోసే అలవాటును మాత్రం మొదటి రోజే మానుకోవాలి. విమానానికి కావలసింది ఎపాక్సీ, దాని లెక్క వేరు. కాంపోజిట్ విమానాలను ఇంటి దగ్గర కట్టేవాళ్ల పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ తూకం వేసి కలిపే పనే. బల్ల మీద రెండు డబ్బాలు, ఒక కాంటా, ఒక పుల్ల ఉంటాయి. రెక్క ఎంత గట్టిగా ఉండబోతుందో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అల్యూమినియంతో కట్టేవాడికి రేకు మిల్లులోనే పరీక్షలు దాటి వస్తుంది. అతను కొలిచి, కోసి, రివెట్లు కొడతాడు. కాంపోజిట్‌తో కట్టేవాడి చేతికి అలా తయారైన సరుకు రాదు. రెక్కలో నిలవాల్సిన పదార్థం అతని కప్పులో, అతను కలిపినప్పుడే పుడుతుంది. దాని నాణ్యతకు జవాబుదారీ కూడా అతనే.

పాలియెస్టర్‌లో క్యాటలిస్ట్ పని రసాయన చర్యను మొదలుపెట్టించడం వరకే. అందుకే కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. ఎపాక్సీలో హార్డెనర్ అలా కాదు. రెసిన్‌తో ముడిపడి, గట్టిపడిన పదార్థంలో తానూ భాగమైపోతుంది. రెసిన్‌లో ముడిపడే చోట్లు ఎన్ని ఉన్నాయో, హార్డెనర్‌లోనూ అన్నే ఉండాలి. దీన్ని కాగితం మీద లెక్క కట్టవచ్చు. ట్రైఇథిలీన్ టెట్రమీన్ అనే హార్డెనర్ అణుభారం 146. అందులో ముడిపడే హైడ్రోజన్లు 6, అంటే ఒక్కో హైడ్రోజన్ వాటా సుమారు 24.3. మామూలు ఎపాక్సీ రెసిన్‌లో ఒక్కో ముడిచోటు వాటా దాదాపు 190. కాబట్టి 190 గ్రాముల రెసిన్‌కు 24.3 గ్రాముల హార్డెనర్ కావాలి, నూరు గ్రాములకైతే 12.8. ఈ రకం హార్డెనర్లకు కంపెనీలు నూటికి 10 నుంచి 12 పాళ్లు అని రాయడం ఈ లెక్కకు దగ్గరగానే ఉంటుంది. మన దగ్గర దొరికే అతుల్ కంపెనీ లాపాక్స్ ఎల్-12 రెసిన్‌కు కె-6 హార్డెనర్ నూటికి 10 పాళ్లు కలుపుతారు.

త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే, జత దొరకని హార్డెనర్ పొరలోనే మిగిలిపోతుంది. తక్కువ పోస్తే రెసిన్ మిగిలిపోతుంది. ఎటు తప్పినా పొర బలం తగ్గుతుంది, వేడికి తొందరగా మెత్తబడుతుంది. పైకి మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. పని త్వరగా కావాలనుకుంటే ఫాస్ట్ రకం హార్డెనర్ కొనుక్కోవాలి తప్ప పాళ్లు మార్చకూడదు.

ఈ విద్యను మామూలు మనుషుల చేతికి అందించినవాడు కాలిఫోర్నియాలోని మొహావీలో పనిచేసిన బర్ట్ రుటాన్. ఆయన వెరీఈజీ విమానం 1975లో, లాంగ్ ఈజీ 1979లో ఎగిరాయి. ఆయన పద్ధతిలో అచ్చులు అక్కర్లేదు. రెక్కలకు పాలిస్టైరీన్ ఫోమ్ దిమ్మెను వేడెక్కించిన తీగతో ఆకారానికి కోసి, దాని మీదే గ్లాస్ గుడ్డ పరిచి ఎపాక్సీతో తడుపుతారు. ట్యాంకుల పాలియెస్టర్ ఇక్కడ అసలు పనికిరాదు, అందులోని స్టైరీన్ ఫోమ్‌ను కరిగించేస్తుంది. ఆ దారి మన దేశానికీ వచ్చింది. బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ 1980ల్లో లాంగ్ ఈజీ ఆధారంగా ఒక చిన్న పరిశోధన విమానాన్ని కట్టి ఎగరేసింది. అదే సంస్థ తయారుచేసిన గ్లాస్ ఫైబర్ శిక్షణ విమానం హంస 1993 నవంబరులో మొదటిసారి గాలిలోకి లేచింది.

రుటాన్ డ్రాయింగులు కొన్నవాళ్లలో చాలామంది అంతకుముందు రెసిన్ ముట్టనివాళ్లు. వాళ్ల కోసం ఆయన సూచించిన చెక్క త్రాసు నా దృష్టిలో ఆ విమానమంత గొప్పది. మామూలు త్రాసుకు ఇరుసు నడిమధ్యన ఉంటుంది, దీనికి ఒక పక్కకు జరిగి ఉంటుంది. రెసిన్ కప్పు ఇరుసుకు దగ్గరగా, హార్డెనర్ కప్పు దూరంగా కూర్చుంటాయి. పాళ్లు 100కి 40 అయితే హార్డెనర్ వైపు దూరం రెండున్నర రెట్లు ఉంటుంది. ముందు ఖాళీ కప్పులతో కడ్డీ సమంగా నిలిచేలా చూసుకుంటారు. తర్వాత రెసిన్ కావలసినంత పోసి, కడ్డీ మళ్లీ సమమయ్యేదాకా రెండో కప్పులో హార్డెనర్ పోస్తారు. ఎన్ని గ్రాములు పోశామో ఆ త్రాసుకు తెలియనే తెలియదు, పాళ్లు కుదిరాయో లేదో మాత్రం చెబుతుంది. జిగట చేతులతో, గుడ్డ ఆరిపోతుందన్న తొందరలో ఉన్నవాడు గుణకారంలో తప్పుపోయే అవకాశాన్నే ఆయన తీసేశాడు.

ఇవాళ గ్రాములో పదో వంతు చూపే డిజిటల్ కాంటాలు అగ్గువకే దొరుకుతున్నాయి. అంత సన్నపు కొలత చాదస్తమేమీ కాదు. నూటికి పది పాళ్ల రకంలో 50 గ్రాముల రెసిన్‌కు హార్డెనర్ 5 గ్రాములే. అక్కడ అర గ్రాము తేడా వస్తే పది శాతం తప్పినట్టే. నూటికి నలభై పాళ్ల రకంలో హార్డెనర్ 20 గ్రాములు, అదే అర గ్రాముకు తప్పు రెండున్నర శాతమే. అందుకే తక్కువ పాళ్ల హార్డెనర్‌ను చిన్న కప్పులో కలిపేవాడికి మంచి కాంటా మరీ అవసరం. తూకం పాళ్లు, కొలత పాళ్లు ఒకటేనని కూడా అనుకోకూడదు. రెసిన్ బరువైనది, హార్డెనర్ తేలికైనది. విమానాల పనిలో పేరున్న ఎంజీఎస్ ఎల్285 రెసిన్‌కు హార్డెనర్ తూకంలో నూటికి 40, గ్లాసు కొలతలో నూటికి 50.

పాళ్లు సరిగ్గా పడినా సగం పనే అయినట్టు. కప్పు మైనం పూత లేనిదై ఉండాలి, ఉంటే ఆ మైనం రెసిన్‌లో కలుస్తుంది. బ్రష్‌తో కలపకూడదు, దాని వెంట్రుకలు హార్డెనర్‌ను పీల్చుకుని పాళ్లు మారుస్తాయి. చివర చదునుగా ఉన్న పుల్ల మంచిది. రెండు నిమిషాలకు తగ్గకుండా, గోడలూ అడుగు మూలలూ గీరుతూ, గాలి బుడగలు రేపకుండా తిప్పాలి. కలవని రెసిన్ ఎప్పుడూ గోడనే అంటుకుని ఉంటుంది, చివరి బొట్టు కోసం కప్పును గీరి గుడ్డ మీద వేసినప్పుడు అదే వెళ్లి రెక్కలో చేరుతుంది. సన్నని గాజు బుడగల పొడి కలిపి ఫోమ్‌కు పూసే ముద్ద చేయాలన్నా, ముందు రెసిన్, హార్డెనర్ పూర్తిగా కలిసిన తర్వాతే పొడి వేయాలి. పొడి పడ్డాక కలవని చారలు కంటికి కనిపించవు.

ఎంత కలపాలన్నది గుడ్డను తూచి నిర్ణయిస్తారు. గుడ్డ బరువుకు సమానంగా కలిపితే తడపడానికి సరిపోతుంది, ఎక్కువైనది రబ్బరు పలకతో లాగేస్తారు. మిగిలిపోయిన ఎపాక్సీ విమానానికి బరువే తప్ప బలం కాదు. కప్పు నిండా ఒకేసారి కలిపితే తన వేడికి తానే మరిగి పొగలు కక్కుతుంది. అందుకే చిన్న చిన్న మోతాదుల్లో కలిపి, వెడల్పు పళ్లెంలో పలుచగా పోసుకుంటారు.

మన వాతావరణానికి తగ్గ జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే కప్పులో చేతికి దొరికే సమయం దాదాపు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు ఆగే ఎపాక్సీ 35 దగ్గర ఇరవై నిమిషాలకే చిక్కబడుతుంది. మే నెలలో ఇంద్రేశంలో ఈ పని తెల్లవారుజామునో, ఏసీ గదిలోనో చేయాల్సిందే. చలికాలం పొద్దున రెసిన్ గడ్డకట్టి తెల్లటి పలుకులు కనిపిస్తే డబ్బాను వేడినీళ్లలో ఉంచి, పూర్తిగా తేటపడ్డాకే తూచాలి. వానాకాలంలో హార్డెనర్ గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి పైన జిడ్డు పొర కడుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లతో తుడిచి, గరుకు పెట్టిన తర్వాతే మరో పొర వేయాలి, లేకుంటే అది పట్టుకోదు. ఏ కాలమైనా చేతులకు నైట్రైల్ గ్లవుజులు ఉండాలి. హార్డెనర్ పదే పదే ఒంటికి తగిలితే ఎలర్జీ పుడుతుంది, ఒకసారి పుడితే ఆ మనిషి ఎపాక్సీ పనికే దూరం కావలసి రావచ్చు.

మంచి పనివాళ్లు వాడేసిన కప్పును వెంటనే పారేయరు. తేదీ, ఏ భాగానికి కలిపారో రాసి, పుల్లతో సహా అలమరలో పెడతారు. మర్నాడు అది గట్టిగా మోగితే సరే. గోరు దిగినా, జిగటగా ఉన్నా నిన్న వేసిన పొరను నమ్మరు, పీకేస్తారు. అసలు విమానం జోలికి వెళ్లకముందే రుటాన్ అభ్యాసం కోసం ముక్కలు చేయించేవాడు. ఫోమ్ దూలానికి గ్లాస్ గుడ్డ చుట్టి, అది గట్టిపడ్డాక రెండు చివరలా ఆనించి, చేసినవాడినే దాని మీద ఎక్కి నిలబడమనేవాడు. తన కప్పులో తయారైన పదార్థం తన బరువు మోయగలదో లేదో అతనికి అక్కడే తెలిసిపోతుంది.

పటాన్‌చెరు ఫైబర్ మేస్త్రీకి గుడ్డ పరిచే నేర్పు ఇప్పటికే ఉంది. రుటాన్ శిష్యుల్లో చాలామంది నెలల తరబడి సాధన చేసి నేర్చుకున్నది అదే. అతను కొత్తగా నేర్వవలసింది తన అంచనాను పక్కనపెట్టి కాంటాను నమ్మడం. తప్పని అంచనా ఉన్నవాడికి అది తేలిక కాదు. అయినా ఎవరూ చూడని ఆ పది నిమిషాల్లో ప్రతి కప్పుకూ తూకం వేసే ఓపిక తెచ్చుకోగలిగితే, ఫైబర్ పనివాడు విమానం పనివాడవుతాడు.