వడ్డెర సమ్మెట కింద పగులు శాస్త్రం

నల్లగొండ, పాలమూరు నేలలో చాలా చోట్ల తవ్వితే తగిలేది గ్రానైటే. భువనగిరి గుట్ట, దేవరకొండ, కోయిలకొండ అన్నీ ఆ జాతివే. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏండ్లు. ఈ బండను నొక్కి పిండి చేయాలంటే చాలా బలం కావాలి. లాగి చీల్చడానికి అందులో పదో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ చాలు. బండలు కొట్టే వడ్డెరల పనికి ఆధారం ఈ తేడాయే.

పని చూపుతో మొదలవుతుంది. బండలోని గింజలు, సన్నని బీటలు ఏ దిక్కుకు సాగాయో చూసి, సుత్తితో తట్టి, చెవితో విని వాటం పట్టుకుంటారు. ఆ వాటం వెంట గీత గీసి, దాని పొడవునా ఉలితో చిన్న గుంతలు తొలుస్తారు. ఒక్కో గుంతలో ఒక ఇనుప చీల. చీల మొన గుంత అడుగును తాకకూడదు, పక్కలనే ఒత్తాలి. అడుగు తగిలితే దెబ్బంతా బండను నొక్కడానికే పోతుంది. పక్కలను ఒత్తితే అదే దెబ్బ బండను రెండు వైపులా లాగుతుంది. సమ్మెటతో ఒకే చీలను బాదరు. వరుసగా ఒక్కోదానికి ఒక్కో దెబ్బ వేసి, మళ్లీ మొదటికి వస్తారు. చీలలు బిగిసేకొద్దీ మోత సన్నబడుతుంది.

ఇంజినీరింగ్ పుస్తకాలు ఈ పగులు సంగతిని ఎంతో ఆలస్యంగా రాసుకున్నాయి. గాజు లెక్క ప్రకారం ఉండాల్సినంత గట్టిగా ఎందుకు ఉండదని ఇంగ్లండులో ఏ.ఏ. గ్రిఫిత్ ఆలోచించి, 1921లో అచ్చయిన పత్రంలో జవాబు చెప్పాడు. వస్తువు ఎంత గట్టిదన్నదొక్కటే చాలదు, అందులో ముందే ఉన్న పగులు ఎంత పొడవన్నదీ చూడాలి. పగులు కొన దగ్గర బలం పోగుపడుతుంది. ఒక హద్దు దాటాక పగులు తనంతట తానే పరుగెత్తుతుంది. గుంతల వరుస ఆ మొదటి పగులును కోరుకున్న చోట పుట్టించే ఉపాయం.

చీలలు బిగించాక పనివాళ్లు కాసేపు ఆగుతారు. అది బద్ధకం కాదు. హద్దుకు కాస్త తక్కువ బలం దగ్గర కూడా రాతిలో పగులు మెల్లగా పాకుతూనే ఉంటుంది. తేమ ఉంటే ఇంకా త్వరగా పాకుతుంది, పగులు కొన వద్ద సిలికాన్, ఆక్సిజన్ బంధాలను నీరు తెంపుతుంది కనుక. కట్టె చీలలు దిగ్గొట్టి నీళ్లు పోసే పాత పద్ధతి వేరు, అక్కడ ఉబ్బిన కట్టే బండను తోస్తుంది. నిప్పు మార్గమూ ఉంది. బండ మీద కట్టెలు పేర్చి మంట జరుపుతూ పోతే, వేడికి ఉబ్బిన పైపొర అడుగు పొర నుంచి పలకగా లేస్తుంది.

రాతిని చీల్చే ఉలి కూడా అలసిపోతుంది. ఒక్క దెబ్బకు ఏమీ కాని ఇనుము వేల దెబ్బలకు విరగడాన్ని ఇంజినీర్లు ఫెటీగ్ అంటారు. జర్మనీలో ఆగస్ట్ వోలర్ 1850, 60లలో రైలు ఇరుసుల మీద ఏండ్ల తరబడి పరీక్షలు చేసి దీన్ని లెక్కకు తెచ్చాడు. వడ్డెరలకు అది కొలిమి దగ్గరి రోజువారీ సంగతి. మొద్దుబారిన, మొన విరిగిన ఉలిని కాల్చి, సాగగొట్టి, మొనను నీళ్లలో ముంచి పదును పెడతారు. పదును ఎక్కువైతే మొన పెళుసై రాలుతుంది, తక్కువైతే వంగిపోతుంది.

లాగితే రాయి చీలే బలహీనతను వడ్డెర వాడుకుంటాడు, ఆనకట్ట ఇంజినీరు దాన్ని దగ్గరికి రానివ్వడు. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ ప్రధాన కట్ట రాతికట్టు, ఎత్తు సుమారు 124 మీటర్లు. అంతటి నీటి తోపుకు కట్ట తన బరువుతోనే ఎదురు నిలుస్తుంది. అందులో రాయి నొక్కుడులోనే ఉండాలి, లాగుడు రాకూడదు.

పెద్ద క్వారీల్లో ఇప్పుడు వజ్రపు తీగ రంపాలు వచ్చాయి. పాలమూరు పొలాల చుట్టూ పాతిన రాతి కడీల అంచున మాత్రం సగానికి చీలిన ఆ గుంతల వరుస ఇప్పటికీ కనిపిస్తుంది.